షుగర్, జ్వరం, విష్ణు సహస్రనామం



పోయిన వారం వీడియోలో విష్ణు సహస్రనామం ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరికి చెప్పారు అన్నది చెప్పుకున్నాం. సమయం చాలక అందులో ఒక ముక్క వదిలేశాను. దాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తానన్నాను కదా, ఇదిగో. ఇది అందరూ చదవొచ్చు గానీ, ముఖ్యంగా షుగర్ ఉన్న నాలాంటి వాళ్ల కోసం రాస్తున్నా.

అవును, నాకూ టైప్ టూ డయాబెటిస్ ఉంది. 33వ ఏట బయటపడింది. ఆఫీసు వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో పరగడుపున 168 వచ్చింది. 126 దాటితే షుగర్ కిందే లెక్క. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ కూడా చేయించారు, 8.1. ఆ కాగితం చేతిలో పెట్టుకుని మెట్రోలో నిలబడ్డప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన "అమ్మకి ఎలా చెప్పాలి" అని. జబ్బు గురించిన భయం తర్వాత వచ్చింది, ముందొచ్చింది సిగ్గు. మీలో చాలామందికి ఇది తెలిసిన సంగతే అనుకుంటా. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. అంతమందికి ఉన్న జబ్బుని ఇంకా మనం తప్పు చేసి దొరికిపోయినట్టే దాచుకుంటాం.

మామూలు రోజులు ఎలాగో గడిచిపోతాయి. పొద్దున ఒక బిళ్ళ, రాత్రి ఒక బిళ్ళ, సాయంత్రం నడక, అన్నం తగ్గించి కూర పెంచడం. కొన్నాళ్లకి అలవాటవుతుంది. అసలు పరీక్ష ఎప్పుడంటే, షుగర్ ఉన్న ఒంటికి ఇంకో జబ్బు వచ్చినప్పుడు. వైరల్ ఫీవర్, డెంగీ, గొంతు నొప్పి, కడుపు పాడవడం, ఏదైనా సరే.

కిందటి కార్తీకమాసంలో నాకు జ్వరం వచ్చింది. రెండో సోమవారం ముందు రోజు మొదలైంది. ఒళ్లంతా నొప్పులు, 102 జ్వరం. పొద్దున్నుంచి రెండు ఇడ్లీలు, కాసిని మజ్జిగ తప్ప ఏమీ తినలేదు. సాయంత్రం మిషన్‌లో చూసుకుంటే 286. ఏమీ తినని రోజున 286 ఏమిటి? నిజం చెప్తున్నా, ఆ మిషన్‌ని గోడకేసి కొట్టాలనిపించింది. ఏడాదిగా పద్ధతిగా ఉన్నదంతా ఒక్క పూటలో కొట్టుకుపోయినట్టనిపించింది. దేవుడి మీద కూడా కోపం వచ్చింది, ఎందుకు దాచాలి?

డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన నిదానంగా చెప్పారు. జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు దాన్ని ఎదుర్కోవడానికి కొన్ని హార్మోన్లు వదులుతుంది. అవి లివర్‌కి "దాచిన చక్కెర బయటికి తియ్యి" అని చెప్తాయి. పైగా అదే సమయంలో ఇన్సులిన్ సరిగా పనిచేయనివ్వవు. అందుకని తినకపోయినా షుగర్ పెరుగుతుంది. "నువ్వేం తప్పు చెయ్యలేదయ్యా, నీ ఒళ్లు యుద్ధం చేస్తోంది, అంతే" అన్నారు. ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ 286 నా మీద ఎవరో ఇచ్చిన తీర్పు కాదు. లోపల ఏం జరుగుతోందో చెప్పే కబురు.

యుద్ధం అన్నారు కదా, అక్కడే నాకు భీష్ముడు గుర్తొచ్చాడు.

సహస్రనామం అనగానే మన కళ్ల ముందు ఏం కనిపిస్తుంది? తెల్లవారుజామున ఇంట్లో వినిపించే గొంతు, అగరుబత్తి వాసన, శుభ్రంగా స్నానం చేసి కూర్చున్న తాతగారు. కానీ ఆ వెయ్యి నామాలు పుట్టిన చోటు చూడండి. కురుక్షేత్రం. యుద్ధం అయిపోయింది. ఒళ్లంతా బాణాలు దిగి, నేలకి ఆనకుండా ఆ బాణాల మీదే పడుకున్న ఒక ముసలాయన. ఆయన అంపశయ్య మీద 58 రాత్రులు గడిపాడని భారతం లెక్క చెబుతుంది. శాంతిపర్వం, అనుశాసనికపర్వం నిండా ఉన్న ధర్మాలన్నీ, సహస్రనామంతో సహా, మంచం పట్టిన మనిషి నోటి నుంచి వచ్చినవే.

వీడియోలో వదిలేసిన ముక్క ఇదే. భీష్ముడు ఆ శయ్య మీద పడగానే ధర్మోపన్యాసం మొదలుపెట్టలేదు. మొదట ఆయన అడిగింది దిండు. తల కిందికి వేలాడుతోంది, ఆధారం కావాలన్నాడు. రాజులు పట్టు దిండ్లు తెచ్చారు. ఈ పడకకి అవి తగవన్నాడు. అర్జునుడు మూడు బాణాలు వేసి తల నిలబెట్టాడు. మర్నాడు దాహం అన్నాడు. మళ్లీ అందరూ కుండలతో నీళ్లు, తినడానికి పదార్థాలు తెచ్చారు. ఆయన అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడు నేలలోకి బాణం కొడితే నీళ్లు చిమ్మాయి.

కొంచెం ఆగి ఆలోచించండి. బ్రహ్మచర్య వ్రతాన్ని జీవితాంతం నిలబెట్టుకున్నవాడు, పరశురాముడితో తలపడినవాడు. ఆయన కంటే నిగ్రహం ఉన్నవాళ్లు ఎవరు? ఆయనకే దిండు కావాల్సి వచ్చింది, నీళ్లు కావాల్సి వచ్చాయి, పక్కన మనుషులు కావాల్సి వచ్చారు. అడగడానికి ఆయన మొహమాటపడలేదు. మనం మాత్రం 102 జ్వరంతో కూడా "నాకేం కాలేదు, మీరు పడుకోండి" అంటాం. రాత్రి రెండింటికి లేచి మంచినీళ్లు తెచ్చుకోవడానికి గోడ పట్టుకుని వెళ్తాం గానీ ఇంట్లో వాళ్లని లేపం. ఊళ్లో ఒంటరిగా రూములో ఉండే కుర్రాళ్లయితే మరీనూ. పక్క రూమువాడికి ఫోన్ చేసి "ఒరేయ్, నాకు షుగర్ ఉంది, జ్వరం వచ్చింది, గంటకోసారి ఒక మాట పలకరించు" అనడానికి అహం అడ్డొస్తుంది. షుగర్ ఉందనే సంగతి ఆ పక్క రూమువాడికి అసలు తెలియదు కూడా.

కథ ఇంకా ఉంది. యుద్ధం ముగిశాక కృష్ణుడు ధర్మరాజుని తీసుకుని ఆయన దగ్గరికి వస్తాడు. "నీకు తెలిసిన ధర్మాలన్నీ ఇతనికి చెప్పు" అంటాడు. అప్పుడు భీష్ముడు ఒప్పుకోడు. బాణాల నొప్పికి ఒళ్లు మండిపోతోంది, మనసు నిలవడం లేదు, మాట రావడం లేదు, నేనెలా చెప్పగలను అంటాడు. కృష్ణుడు ఏమన్నాడు? "అంత పెద్దవాడివి, ఆత్మ వేరు దేహం వేరు అని తెలియదా" అని అనలేదు. "బాధ మాయ, పట్టించుకోకు" అని అనలేదు. గీత చెప్పిన నోరే కదా, అనాలంటే అనొచ్చు. అనలేదు. ముందు ఆయన బాధ తీసేశాడు. నొప్పి, మంట, ఆకలి, దాహం నిన్ను తాకవు, నీ బుద్ధి తేటగా ఉంటుంది అని వరమిచ్చాడు. ఆ రోజుకి సెలవు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు వచ్చాక పాఠం మొదలైంది.

అంటే భగవంతుడే ముందు నొప్పి తగ్గించి, తర్వాత ధర్మం అడిగాడు. మనం ఈ వరుసని తిరగేస్తాం. జ్వరంలో కూడా నూటెనిమిది ప్రదక్షిణలు పూర్తి కావాలి, అప్పుడు కావాలంటే డాక్టరు దగ్గరికి వెళ్దాం అంటాం.

ఇక్కడ ఒకరు అడగొచ్చు. "దుర్యోధనుడు శస్త్రవైద్యుల్ని తీసుకొస్తే భీష్ముడు గౌరవించి వెనక్కి పంపేశాడు కదా, మరి మనం మందులెందుకు?" నిజమే, భీష్మపర్వంలో అలాగే ఉంది. కానీ ఆయనది స్వచ్ఛంద మరణం. ఉత్తరాయణం కోసం ఎదురుచూస్తూ, వెళ్లిపోవడానికి నిశ్చయించుకున్నవాడు. మీకు 29 ఏళ్లు. సోమవారం పొద్దున స్టాండప్ కాల్ ఉంది. ఆయన పోలిక అక్కడ మనకి పనికిరాదు. పైగా ఆయనే చెప్పిన వెయ్యి నామాల్లో భేషజం అనీ, భిషక్ అనీ రెండు నామాలు పక్కపక్కనే వస్తాయి. భేషజం అంటే మందు. భిషక్ అంటే వైద్యుడు. వైద్యుణ్ణి వద్దన్న ఆ నోటితోనే, విష్ణువే మందు, విష్ణువే వైద్యుడు అని పలికాడు. ఈసారి పారాయణలో అక్కడికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీ బిళ్ళల డబ్బా గుర్తు చేసుకోండి. తప్పేం కాదు.

సరే, జ్వరం వచ్చిన రోజు ఏం చెయ్యాలి? నేను డాక్టర్ని కాదు. కాబట్టి నాకు మా డాక్టరుగారు నేర్పింది మాత్రమే చెప్తా, మీరు మీ డాక్టర్ని అడిగి సరిచూసుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక ప్రశ్న అడిగి రాయించుకోండి: "నాకు జ్వరమో వాంతులో వస్తే ఈ బిళ్ళల్లో ఏది ఆపాలి, ఏది ఆపకూడదు?" ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గిపోయినప్పుడు కొన్ని మందులు కొన్నాళ్లు ఆపమంటారు. కొన్ని బిళ్ళలు, తిండి లేకుండా వేసుకుంటే షుగర్‌ని బాగా కిందికి లాగేస్తాయి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం "తినలేదు కదా" అని సొంతంగా పూర్తిగా మానెయ్యకూడదు. ఇవన్నీ జ్వరంలో, అర్ధరాత్రి, గూగుల్‌లో వెతుక్కునే విషయాలు కావు.

నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోమన్నారు. నీళ్లు, పల్చటి మజ్జిగ, చారు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండమన్నారు. బొత్తిగా తినలేకపోతే గంజి, రాగిజావ. దగ్గు సిరప్ కొనేటప్పుడు మెడికల్ షాపులో "షుగర్ ఉంది నాకు" అని చెప్పమన్నారు, ఎందుకంటే కొన్నిట్లో చక్కెర బాగా ఉంటుంది. వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, మనిషి మాట తేడాగా ఉన్నా, షుగర్ 300 పైనే ఉండి దిగకపోయినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఇది ఇంట్లో వాళ్లకి కూడా చెప్పి ఉంచాలి. తేడాగా మాట్లాడుతున్న మనిషికి తాను తేడాగా మాట్లాడుతున్నానని తెలియదు కదా.

మా ఇంట్లో ఆ సోమవారం దీపం నేను పెట్టలేదు. నేను లేవలేదు. మా ఆవిడ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చింది. మా ఏడేళ్ల పాప ఉసిరికాయ దీపం ఎలా పెట్టాలో వాళ్ల అమ్మమ్మకి వీడియో కాల్ చేసి అడిగి, ఆవిడ చెప్తుంటే పెట్టింది. వత్తి వంకరగా ఉంది. నేను మంచం మీద నుంచే చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నా. ఉపవాసం లేదు, జావ తాగాను. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ ఇద్దరికీ యోగం కుదరదంటాడు. ఉపవాసం అంటే దగ్గరగా ఉండడం. ఆ మాటలో ఆకలి ఎక్కడా లేదు.

ఇక అందరికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. "ఏ జన్మలో ఏం పాపం చేశావో, ఈ వయసులోనే షుగర్" అనే మాట. పెళ్లిళ్లలో, వ్రతాల్లో, కొన్నిసార్లు గుడి మెట్ల మీద కూడా వినిపిస్తుంది. నేను ప్రవచనాలు చెప్పేవాణ్ణే కాబట్టి కాస్త గట్టిగా చెప్తా. కర్మ సిద్ధాంతం మనకి మనం ధైర్యం చెప్పుకోవడానికి, ఇకముందు మంచి చేసుకోవడానికి ఇచ్చింది. పక్కవాడి రిపోర్టు చదివి తీర్పు చెప్పడానికి కాదు. ఎవరి పూర్వజన్మ ఏమిటో చెప్పగలిగేవాళ్లు ఆ పెళ్లి పందిట్లో ఎవరూ లేరు. షుగర్ రావడానికి వంశం, బరువు, కదలకుండా కూర్చునే ఉద్యోగం, నిద్ర, ఇలా చాలా కారణాలు ఉంటాయి. ఒకవేళ కర్మే అనుకున్నా, బిళ్ళ వేసుకోవడం, సాయంత్రం అరగంట నడవడం కూడా కర్మే కదా. చేస్తున్నదీ మనమే.

వివేకానందుడికి షుగర్ ఉండేదని మీలో ఎంతమందికి తెలుసు? గోడ మీద చేతులు కట్టుకుని నిలబడ్డ ఆయన పోస్టరు చూసి జిమ్‌కి వెళ్లేవాళ్లు బోలెడుమంది. చికాగో వెళ్లక ముందు, 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడినప్పుడు ఆయనకి ముప్ఫై ఏళ్లు. 1897లో మన దేశానికి తిరిగొచ్చాక డాక్టర్లు విశ్రాంతి తీసుకోమంటే డార్జిలింగ్ వెళ్లాడు. అదే ఏడు మే 1న రామకృష్ణ మిషన్ మొదలుపెట్టాడు. జబ్బు గురించి ఉత్తరాల్లో స్నేహితులకి దాచకుండా రాసేవాడు. 1902 జూలై 4న వెళ్లిపోయేనాటికి నలభై కూడా నిండలేదు. ఇన్సులిన్ మొదటిసారి మనిషికి ఇచ్చింది 1922లో. అంటే ఆయనకి అందనిది మనకి మందుల షాపులో దొరుకుతోంది. ఏ పాపం చేశాడని ఆయన్ని అడుగుతామా?

జబ్బులో ఏడుపొస్తే భక్తి తగ్గినట్టా అని కూడా కొందరు అడుగుతుంటారు. కేరళలో 16వ శతాబ్దంలో మేల్పత్తూరు నారాయణ భట్టతిరి అనే మహాపండితుడు ఉండేవాడు. వాతరోగంతో ఒళ్లు కదలని స్థితిలో గురువాయూరు చేరాడు. స్వామి ముందు రోజుకో దశకం చొప్పున నూరు రోజులు పాడాడని చెప్తారు. అదే నారాయణీయం, వెయ్యికి పైగా శ్లోకాలు. భాగవత కథంతా అందులో ఉంది. కానీ దాదాపు ప్రతి దశకం చివరికొచ్చేసరికి ఆయన తన బాధ చెప్పుకుంటాడు, నా రోగం తగ్గించు స్వామీ అని అడుగుతాడు. ఒక రోజు అడిగి ఊరుకోలేదు. నూరు రోజులూ అడిగాడు. అడుగుతూనే పక్కన పని కూడా చేస్తూ పోయాడు. విసుగు, భయం, "నాకే ఎందుకు" అనే ఏడుపు, ఇవన్నీ స్వామి ముందు పెట్టొచ్చు. అయితే ఆ విసుగు రెండు మూడు వారాలైనా వదలకపోతే, నిద్ర పట్టకపోతే, మందులు వేసుకోవాలనే అనిపించకపోతే మనసు డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లలో దిగులు ఎక్కువగా కనిపిస్తుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

దీక్షల గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తా. మాల వేసుకునేవాళ్లు వేసుకోండి, ముందు డాక్టరుతో మాట్లాడండి. ఒంటిపూట భోజనానికి మందుల వేళలు మార్చాలి. చాలాకాలం షుగర్ ఉన్నవాళ్లకి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అలాంటివాళ్లు 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగడం నాకైతే సమ్మతం కాదు. గురుస్వామితో చెప్పండి, సంగతి విన్నాక కాదనే గురుస్వామి నాకు ఇంతవరకు తగల్లేదు. అలిపిరి 3550 మెట్లు ఎక్కాలని మొక్కుకుంటే, జేబులో గ్లూకోజ్ పాకెట్ పెట్టుకోండి. చేతులు వణికినా, చల్లటి చెమటలు పట్టినా కూర్చుని షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. పైన లడ్డూ చిటికెడు కళ్లకద్దుకుని తింటే చాలు, మిగతాది పక్కనున్న పిల్లలకి పెట్టండి. ప్రసాదానికి చిటికెడే కొలత, గిన్నె కాదు.

చివరగా, ఎక్కువమంది అడిగే ప్రశ్న. ఒంట్లో బాగోలేనప్పుడు సహస్రనామం పడుకుని వినొచ్చా, స్నానం చెయ్యకుండా వినొచ్చా? చెప్పినాయన ఎలా ఉన్నాడో పైన రాశాను కదా, బాణాల మీద పడుకునే చెప్పాడు. హాయిగా దుప్పటి కప్పుకుని వినండి. కాకపోతే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోకండి. నాలుగు గంటలకి పెట్టుకున్న షుగర్ అలారం వినపడాలి.